జాలీలోంచి వచ్చే చెయ్యి

తమ్ముడు పోయిన ఎనిమిదో నెలలో నా పాత విద్యార్థిని ఒకామె నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని మా ఇంటికి వచ్చింది. ఇంటర్‌లో నా దగ్గర తెలుగు చదువుకున్న అమ్మాయి, ఇప్పుడు ఎక్సైజ్ శాఖలో అధికారి. చేతిలో సన్నటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. వైన్ షాపుల్లో కౌంటర్ దగ్గర నిలబడి అమ్మే సేల్స్‌మెన్‌కు ఒకరోజు శిక్షణ పెడుతున్నారట. ఎవరికి అమ్మవచ్చు, ఎవరికి అమ్మకూడదు, దుకాణం ఎప్పుడు మూయాలి, తాగి ఉన్నవాడు మళ్లీ వస్తే ఏం చేయాలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. అది వాళ్లకు అర్థమయ్యే తెలుగులోకి రావాలి.

"ఆఫీసుల ఒకసారి చేయించినం మేడం," అంది. "చదివితే నాకే సమజ్ కాలే."

నేను పుస్తకం అందుకోకపోవడం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీకు కష్టమైతే వద్దు మేడం. అడగొద్దనే అనుకున్న. మల్ల ఇంకెవరు యాదికి రాలే."

ఆమెకు నా తమ్ముడి సంగతి తెలుసు. పదకొండో రోజు వచ్చి, వంటపాత్రలు కడిగే దగ్గర చాలాసేపు నిలబడి వెళ్లిన మనిషి ఆమె.

"పెట్టిపో," అన్నాను. "శిక్షణకు నేనుగూడ వస్త. ఒక మూలకు కూసుంట."

ఎందుకని ఆమె అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. బోధన్ రోడ్డు మీద ఒక వైన్ షాపు ఉంది. తమ్ముడు చివరి రోజు అక్కడే కొన్నాడు. ఆ కౌంటర్ దగ్గర నిలబడేవాడు కూడా శిక్షణకు వస్తాడు. అతన్ని ఒక్క మాట అడగాలి. చివరిసారి సీసా ఇచ్చినప్పుడు మా తమ్ముడు అప్పటికే తాగి ఉన్నాడని నీకు తెలుసా, తెలిసే ఇచ్చావా? ఎనిమిది నెలలుగా ఆ ప్రశ్న నా దగ్గర ఉంది. జవాబు ఏదైనా తమ్ముడు రాడు. అయినా తెలుసుకోవాలనిపించేది.

తమ్ముడు నాకంటే ఏడేళ్లు చిన్న. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర పనిచేసేవాడు. అంతకుముందు చెరుకును లోపలికి లాగే గొలుసు దగ్గర ఉన్నప్పుడు కుడిచేతి చూపుడువేలు సగం పోయింది. ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు కోతకు మనుషులను కుదిర్చే పని పెట్టుకున్నాడు. కోతల కాలంలో మహారాష్ట్ర వైపు నుంచి కూలీల జట్లు వస్తాయి. వాళ్లను రైతుల పొలాల్లో దింపడం, గుడిసెలు వేసుకోవడానికి చోటు చూపించడం, బియ్యం, నూనె, మందులు సమకూర్చడం అతని పని. వాళ్లతో మరాఠీ మాట్లాడేవాడు. క్యాంపుల్లో స్థిరపడ్డ ఆంధ్రా రైతులతో వాళ్ల యాసలో మాట్లాడేవాడు. నాతో మాత్రం మా అమ్మ మాట్లాడినట్టే మాట్లాడేవాడు.

వారానికి ఒకసారి నిజామాబాద్ వచ్చి నా దగ్గర అన్నం తినేవాడు. బండికి వేలాడే సంచిలో సీసాలు ఉండేవి. మొదటిసారి చూసి అడిగాను.

"కూలీలకక్కా," అన్నాడు. "పొద్దంతా వంగి కోస్తరు. సాయంత్రం గింత పొయ్యకుంటే తెల్లారి కత్తి పట్టరు."

ఇంకోసారి బట్టలు వాసన వచ్చాయి.

"సంచిల ఒకటి పలిగింది," అన్నాడు. "బట్టలన్ని ఖరాబైనయి. ఉతికిపెడ్తవా?"

ఉతికాను.

మార్చిలో ఒక మధ్యాహ్నం బండితో సహా కాలువలో పడ్డాడు. కాలువలో నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. తల రాయికి తగిలింది. సంచిలో ఐదు సీసాలు మూత తీయకుండా ఉన్నాయి. పోలీసులు అడిగితే కూలీల కోసమని నేనే చెప్పాను. అస్థికలు కందకుర్తిలో నదులు కలిసే చోట కలిపి వచ్చాక, అతను కూలీలను కుదిర్చిన చెరుకు రైతు ఒకాయన మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. కూలీల జట్టు అంతకు వారం ముందే లెక్క తేల్చుకుని వాళ్ల ఊళ్లకు వెళ్లిపోయిందని అతని మాటల్లో తెలిసింది. ఏ దుకాణంలో కొనేవాడో కూడా అతనే చెప్పాడు. నేను ఇంకేమీ అడగలేదు. అతనికి మజ్జిగ ఇచ్చాను.

పుస్తకం తెలుగు చేయడానికి పది రోజులు పట్టింది. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. అనుమానం వస్తే కార్డు అడగాలి. బంద్ రోజుల్లో వెనక తలుపు తీయకూడదు. ఊళ్లలో దొంగతనంగా అమ్మే బెల్టు షాపులకు పెట్టెలకు పెట్టెలు ఇవ్వకూడదు. ఇవన్నీ సులువుగానే వచ్చాయి. ఒక్కచోట ఆగిపోయాను. చూడగానే మత్తులో ఉన్నాడని తెలిసే మనిషికి అమ్మకూడదని అక్కడ ఉంది. కింద గుర్తులు ఇచ్చారు. కళ్లు ఎర్రగా ఉండటం, మాట ముద్దగా రావడం, నడక తూలడం. గుర్తులు సరిగ్గానే ఉన్నాయి. తమ్ముడు వారం వారం నా ఎదురుగా కూర్చుని తిన్నాడు. వాటిలో ఎన్ని చూశానని ఆలోచిస్తూ ఆ పేజీ దగ్గరే మూడు రోజులు ఉన్నాను. కళ్లు ఎర్రగా ఉండేవి. ఎండలో తిరుగుతాడు కదా అనుకున్నాను. చివరికి ఇలా రాశాను: "తాగి ఉన్నట్టు కనిపిస్తే అమ్మవద్దు."

శిక్షణ నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. పొద్దున పది గంటలకు ఉప్మా, చాయ్ ఇచ్చారు. నలభై మంది దాకా వచ్చారు. చాలామంది నలభై దాటినవాళ్లు. ఒకరినొకరు దుకాణాల పేర్లతో పిలుచుకుంటున్నారు. నేను వెనక వరుసలో గోడవైపు కూర్చున్నాను. ఎవరికోసం వచ్చానో అతని ముఖం నాకు తెలియదు.

నా విద్యార్థిని బాగా చెప్పింది. గద్దించలేదు. మీకు యజమాని చెప్పింది చేయక తప్పదని తెలుసు, అయినా కేసు అయితే కౌంటర్ దగ్గర ఉన్నవాడి మీదే ముందు అవుతుందని చెప్పింది. ఇరవై ఒక్క ఏళ్ల సంగతి రాగానే ఒకతను లేచాడు.

"మీసమున్నోన్ని కార్డు అడిగితే కొట్టొస్తరు మేడం."

"మీసం లేనోన్ని అడుగన్నా ముందుగాల," అంది ఆమె. హాలు నవ్వింది.

తర్వాత నేను మూడు రోజులు ఆగిన పేజీకి వచ్చింది. తాగి ఉన్నట్టు కనిపిస్తే అమ్మవద్దని చదివింది.

మధ్య వరుసలోంచి ఒక గొంతు వచ్చింది. "కనిపిస్తే గద మేడం."

మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు వేరుగా ఉంది. అందరికీ తెలిసి, చెప్పే ఆమెకు మాత్రం తెలియని విషయం ఏదో ఉన్నట్టుగా ఉంది. మాట్లాడినతను నీలం చొక్కా వేసుకున్న బక్కపలచటి మనిషి.

"ఎందుకు కనపడదు?"

"మాకు ముంగట ఇనుప జాలీ ఉంటది మేడం. అండ్ల గింత సందు ఉంటది, నడుం ఎత్తున. పైసలు పట్టుకొని చెయ్యి లోపలికొస్తది. మేం సీసా పెడ్తం. చెయ్యి బయటికి పోతది. పొద్దుందాక గంతే. మనిషిని సూసుడు ఏడిది?"

"వచ్చి చూపియ్యి," అంది ఆమె.

అతను సిగ్గుపడలేదు. వేదిక మీది ఫ్లెక్సీ బ్యానరు విప్పించి ఇద్దరిని చెరో కొస పట్టుకోమన్నాడు. బ్యానరు అడుగు నడుము ఎత్తుకు వచ్చింది. ఐదారుగురిని అవతల నిలబెట్టి, కింది నుంచి చేతులు పెట్టమన్నాడు. చేతులు వచ్చాయి. నేను కూర్చున్న చోటు నుంచి కూడా చేతులే కనిపించాయి.

అతను ఒక చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. "ఉంగరం కొత్తది. వేలికి ఇంక సాలు పడలే. పెండ్లైతే మూడు నెలలు."

"రెండే అన్నా," అంది బ్యానరు అవతలి గొంతు. చప్పట్లు కొట్టారు.

"మాకు పేర్లు తెల్వయి మేడం, చేతులే. పసుపు ఉడకబెట్టే రోజులల్ల గోర్లు పచ్చగుంటయి. ఆటో నడిపేటోని చెయ్యి వేరు. చేతిని బట్టి ఏం కావాల్నో తెలుస్తది. నోరు తెరిసేదాక ఆగితే వెనక లైను లొల్లి పెడ్తది. అందుకనే చెయ్యి రాంగనే పెట్టేస్తం. కొత్తోనికి పని నేర్పేది గూడ గిదే." కొంచెం గర్వంగానే చెప్తున్నాడు. "మా కాడికి ఒకాయన వస్తుండె. చూపుడువేలు సగమే. ఆ చెయ్యి వచ్చిందంటే నాలుగు క్వార్టర్లు. మూడేండ్లు ఒక్క మాట మాట్లాడింది లేదు ఇద్దరం."

నా విద్యార్థిని తలెత్తి వెనక వరుస వైపు చూసింది. తమ్ముడి చెయ్యి ఆమె కూడా ఎరుగును. కాలేజీ రోజుల్లో తమ్ముడు నా కోసం వచ్చినప్పుడు చూసింది. నేను తల ఊపాను. ఆమె పుస్తకం మూసి, "భోజనాలకు పోదాం," అంది. ఇంకా పన్నెండు కూడా కాలేదు.

చేతులు కడుక్కునే పంపు దగ్గర అతని పక్కన నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో ఎనిమిది నెలల్లో చాలాసార్లు అనుకున్నాను. అవేవీ నోటికి రాలేదు.

"ఆ సగం వేలాయన నా తమ్ముడు," అన్నాను.

"అవునా అమ్మా," అన్నాడు నవ్వుతూ. "మంచిగున్నడా? కోతలు అయిపోయినంక కనపడకపాయె. మల్ల కూలీలు దిగుతుండ్రు గద, ఈ నెలల వస్తడనుకుంటున్న."

అతనికి తెలియదు. కాలువ వాళ్ల దుకాణానికి చాలా దూరం. పేరు తెలియని మనిషి చావు అతనికి ఎవరు చెప్తారు?

నేను చెప్పాను. పంపు కారుతూనే ఉంది. అతను దాన్ని కట్టేసి, తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఏ రోజమ్మా?"

చెప్పాను. వేళ్లు ముడిచి లెక్క వేసుకున్నాడు.

"ఆ రోజు రెండుసార్లు వచ్చింది చెయ్యి. దుకాణం తెరవంగనే ఒకసారి. మల్ల మధ్యాహ్నం రెండు గాకముందే ఒకసారి. రెండుసార్లు నాలుగు నాలుగు పెట్టిన. కోతలు అయిపోయే రోజులు గద, కూలీలకు దావత్ ఇస్తుండనుకున్న."

"కూలీలు అప్పటికే వారం కింద పోయిండ్రు."

"నాకెట్ల తెలుస్తదమ్మా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "మీకు తెల్వదా?"

అతని మాటలో ఎత్తిపొడుపు లేదు. ఇంట్లోవాళ్లకు తెలిసే ఉంటుంది కదా అని అడిగాడు, అంతే.

"నేనుగూడ కూలీలకే అనుకున్న," అన్నాను.

తర్వాత ఇద్దరం లోపలికి వెళ్లాం. అతను విస్తరి ముందు కూర్చున్నాడు కాని తినలేదు. మధ్యలో రెండుసార్లు నా వైపు చూశాడు. ఏదో చెప్పాలనుకున్నట్టు కనిపించింది. నేను అడగవలసింది అడగకుండానే జవాబు వచ్చింది. ముఖమే చూడని మనిషికి తాగి ఉన్నాడని తెలిసే అవకాశం లేదు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ రాత్రే నా వాక్యం కొట్టేసి ఇలా మార్చాను: "చెయ్యి చూసి ఇవ్వకండి. ముఖం చూడండి. అతని నోటితో అడిగించుకోండి. ఎవరికని అడగండి."

నా విద్యార్థిని చదివి, "ఇది ఇంగ్లీషుల లేదు మేడం," అంది.

"లేదు."

"ఉండనియ్యండి," అంది.

అచ్చయి వచ్చిన పుస్తకంలో ఆ చోట, "కొనుగోలుదారుని ముఖకవళికలను గమనించి, వినియోగదారుని వివరములు విచారించవలెను" అని ఉంది. పై ఆఫీసులో ఎవరో దిద్దారు. ఆమె సిగ్గుపడుతూ నాకు ఒక ప్రతి ఇచ్చింది. దాన్ని నిఘంటువుల పక్కన పెట్టాను.

మళ్లీ మార్చి వచ్చింది. సంవత్సరీకానికి కందకుర్తి వెళ్లాను. తమ్ముడి కొడుకు తల్లితో వచ్చి పిండాలు పెట్టాడు. తిరుగు ప్రయాణంలో వాళ్లు వాళ్ల ఊరికి వెళ్లిపోయారు, నేను బోధన్‌లో బస్సు మారాను. దారిలో చెరుకు ట్రాక్టర్లు అడ్డం వస్తున్నాయి. ఆ వైన్ షాపు ముందు బస్సు నెమ్మదించినప్పుడు దిగిపోయాను. ముందే అనుకున్న పని కాదు.

మధ్యాహ్నం ఒంటిగంట. అరవై దాటిన ఆడమనిషి అక్కడ నిలబడితే మగవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది. కొందరు లైనులోంచి తప్పుకుని నాకు దారి ఇవ్వబోయారు. నేను పక్కనున్న కిళ్లీకొట్టు నీడకు పోయి నిలబడ్డాను.

జాలీకి మనిషి ముఖం ఎత్తున కొత్తగా ఒక సందు కోసి ఉంది. పాత సందుకు రేకు ముక్క వెల్డింగ్ చేశారు. రంగు ఇంకా వేయలేదు. లోపల అతనే ఉన్నాడు.

"మొఖం సూపియ్యన్నా," అంటున్నాడు.

"పెండ్లిసూపులా?" అన్నాడు లైనులోని ఒకతను. "పిల్ల ఏది మరి?"

"పిల్ల నిన్ను సూసి పారిపోయింది. ఏం గావాలె? నోటితోని చెప్పు."

"మూడేండ్ల సంది పోస్తున్నవ్, తెల్వదా?"

"తెల్వది. చెప్పు. ఎవ్వలకు?"

"మా అత్తకు."

"అత్తను తోల్కరా."

లైను నవ్వింది. కసురుకున్నవాళ్లు కూడా ఉన్నారు. సీసా అందుకుని, వెళ్తూ వెళ్తూ బూతు అన్నవాడు ఒకడు. పని మాత్రం జరుగుతోంది. తర్వాత, భుజాన తువ్వాలతో ఒక పెద్దమనిషి బండి ఆపి వచ్చాడు. అడగడానికి రెండుసార్లు నోరు తెరిచాడు. మాట సరిగా రాలేదు.

"నీకు ఇయ్య పటేలా," అన్నాడు లోపలి నుంచి. "పొద్దుగాలనే తీస్కపోయినవ్. బండి మీదున్నవ్."

"నీదొక్కటేనా దుకాణం?"

"కాదు. ఇంకోటి మూడు కిలోమీటర్లు. అందుకనే."

పక్క తలుపు తీసుకుని అతను బయటికి వచ్చాడు. పెద్దమనిషి ఇంకా తిడుతుండగానే బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. అప్పుడు నన్ను చూశాడు. లైను వైపు తిరిగి, "రెండు నిమిషాలు ఆగుండ్రి," అని కిళ్లీకొట్టు నీడకు వచ్చాడు.

"రోజుకు ఒకరిద్దరిని ఆపుతనమ్మా," అన్నాడు. "అందరిని ఆప. ఆపితే సేటు నన్ను ఆపుతడు. ఈ సందు గూడ మూడు నెలలు బతిలాడితే కోయించిండు."

"నేనేం అడగడానికి రాలే," అన్నాను. "కందకుర్తికెళ్లి వస్తున్న."

అర్థమై తల దించుకున్నాడు.

"ఆ రోజు మీకొకటి చెప్పలేదమ్మా. పంపు కాడ నోరు రాలే. రెండోసారి వచ్చినప్పుడు చెయ్యి వణికింది. సీసా పెడితే పట్టలేదు. మల్ల పెట్టిన. జారబోయింది." తన కుడిచేతిని ఎడమచేతితో పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటి మూసి చూపించాడు. "గిట్ల, నేనే వేళ్లు మూసిన. నాలుగుసార్లు. పలిగిపోతయి గద అని. పాపం అనిపించింది."

నా ప్రశ్నకు జవాబు ఇదే. అతనికి తెలుసు. తెలిసి, తనకు తోచిన మంచి చేశాడు. వాసన వస్తున్న బట్టలు ఉతికిపెట్టినప్పుడు నేను చేసింది కూడా ఇంతే. అతని మీద కోపం కోసం నాలో వెతుక్కున్నాను. దొరకలేదు. తమ్ముడు బతికి ఉండగా అతని చెయ్యి చివరిగా పట్టుకున్నది ఈ మనిషి అని మాత్రం అనిపించింది.

"చెయ్యి చల్లగుండెనా?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

"లేదమ్మా. ఎండలకెల్లి వచ్చిండు. వేడిగనే ఉండె."

లైనులో కేకలు మొదలయ్యాయి. అతను జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"జర పట్టుకోండమ్మా. వాళ్ల కొడుక్కు ఫోన్ చేస్త. వచ్చేదాక ఇయ్యకుండ్రి. ఎంత తిట్టినా."

పెద్దమనిషి కల్వర్టు మీద కూర్చున్నాడు. వెళ్లి కొంచెం ఎడంగా కూర్చున్నాను.

"తాళం ఇయ్యవ్వా," అన్నాడు.

"నీ కొడుకు వస్తుండు. వచ్చినంక ఇస్త."

"నువ్వెవరు, నా తాళం పట్టుకునెతందుకు?"

"బస్సు కోసం కూసున్న," అన్నాను.

అతను చాలా తిట్టాడు. తర్వాత అలసిపోయి ఊరుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గడ్డం రెండు రోజులది. పెదవి దగ్గర పాత గాటు ఒకటి ఉంది. నిజామాబాద్ బస్సులు రెండు వెళ్లిపోయాయి. మూడోది కనిపించేటప్పటికి వాళ్ల కొడుకు వచ్చాడు.